ఎర్రాకుల చెట్టు, నా గుస్స

చాయ్ పొయ్యి సరోజనక్కా, చెప్త. కని నవ్వం అని ముందుగాల అందరు మాట ఇయ్యుండ్రి. ఇచ్చినా నవ్వుతరు, నాకెరుక! క్రిస్మస్ నాడు చర్చిల నవ్వినోళ్లే గద మీరు. ఎందుకు నవ్వుతున్నరో తెల్వనోళ్లు సుత పక్కోళ్లను చూసి నవ్విండ్రు. గది సగం కథనే. మిగిలిన సగం మొన్న శనివారం అయింది. ఒక చెట్టు ఎర్రగైతదా, ఎర్రగైతదా అని ఏడాది పొడుగు చూసిన. చెట్టు కాలే. నేనైన!

మొదటికెళ్లి చెప్త.

పోయిన క్రిస్మస్ గాదు, దానికి ముందటి క్రిస్మస్ అయిపోయినంక. చర్చి అయ్యగారి బంగ్లా ముందట ఎర్రాకుల చెట్టు ఉంటది చూడుండ్రి. ఎనుకట మిషన్ దొరసాని ఉన్నప్పుడు ఎక్కడికెళ్లో తెప్పిచ్చి పెట్టిందట. దానికి ఇంగ్లీషుల ఏదో పేరున్నది, అయ్యగారింటి అమ్మగారు రెండుసార్లు చెప్పింది గని నా నాలుక తిరగలే. ఏడాదంత మామూలు చెట్టే. చూస్తే ఆముదపు చెట్టుకు చుట్టమేమో అనిపిస్తది. చలికాలం రాంగనే నెత్తిమీది ఆకులు ఎర్రగైతయి. పువ్వులు గాదు, ఆకులే! గా ఎరుపు ముందట పెండ్లిపిల్ల చీర సుత వెలిసిపోయినట్టే ఉంటది.

జనవరిల అమ్మగారు గా చెట్టు కొమ్మలు కొట్టిపిస్తుండె. నేను, మా ఆడిబిడ్డ మార్తమ్మ ఇద్దరం గక్కడ్నే ఉన్నం. "చెరొక పుల్ల తీస్కపోండ్రి. ఊకెనే అంటుకుంటది. వచ్చే క్రిస్మస్‌కు ఎవరి చెట్టు మంచిగుంటే గది చర్చిల ప్రభు బల్ల పక్కన పెడ్దం" అన్నది అమ్మగారు.

చూసిండ్రా! అగ్గి ఎక్కడ అంటుకున్నదో! అమ్మగారికేం తెలుసు, నాకు మార్తమ్మకు ఎట్లుంటదో. గామె మా ఇంటాయనకు అక్క. నేను లగ్గమై వచ్చినకాడికెళ్లి గామె నోట ఒక్కటే మాట: "మా సుగుణకు చదువొస్తది. ఇంక వేరే ఏమొస్తదో మాకింక తెల్వలే." నలుగురి ముందట నవ్వుకుంట అంటది. నేను సుత నవ్వుత. లోపట మండుతది.

ఆ పుల్ల చేతికిచ్చినప్పుడు కొనకెళ్లి పాలు కారి నా కొంగుకు అంటినయి. నేను అప్పుడే అనుకున్న: మార్తమ్మా, నువ్వు చూస్తుండు!

గ్యాసునూనె డబ్బా మీది మూత కోపిచ్చి, అడుగున మొలతోని బొక్కలు కొట్టి, గొర్ల ఎరువు తెప్పిచ్చి నింపిన. పొద్దుగాల బియ్యం కడిగిన నీళ్లు, పొద్దుమీకి మంచినీళ్లు. ఎండకాలం తడిగోనె చుట్టిన. ఆకులను తడిబట్టతోని ఒక్కొక్కటి తుడిచిన. మా పిల్లల ముక్కులన్న గంత సక్కగ తుడిచిన్నో లేదో! మార్తమ్మ ఏం చేసిందో ఎరుకేనా? బర్రెల కొట్టం ఎనుక పగిలిన గోళెం ఉంటే, దాంట్ల ఇంత మట్టి పోసి గా పుల్ల గుచ్చిందట. గంతే. అంట్లు తోమిన నీళ్లు గక్కడ పారపోస్తదట. అది నీళ్లు పొయ్యుడా?

వానకాలం పోయేటాళ్లకు నా చెట్టు నడుముదాక పెరిగింది. మార్తమ్మది మోకాలుదాక సుత లేదు. "వదినె, నీ చెట్టుకు జర ఎరువు పంపియ్యనా?" అని అడిగిన నేను. అడిగినప్పుడు నా కడుపు ఎంత సల్లగైందో! గా సంబరానికే దేవుడు నాకు శిక్ష ఏసిండేమో.

దసర సెలవులైనంక మా గల్లికి కరెంటొచ్చింది. మా ఇంటాయన ప్రభుదాసు పోస్టాఫీసుల ఉత్తరాలకు ముద్ర కొడ్తడు గద, ఇంట్ల మాట్లాడినా గదే లెక్క. ఠక్కుమని ఒక్క మాట, గంతే. "లోపట ఒక్క బల్బు సాలు" అన్నడు. "సాలదు, అరుగు మీద సుత కావాలె" అన్న నేను. ఎందుకంటే అరుగు మీదనే నా చెట్టు ఉన్నది. గల్లిల కరెంటు తీసుకున్న ఇండ్లే తక్కువ. బల్బు కింద చెట్టు పెడితే పొద్దుమీకినంక పొయ్యేటోళ్లు వచ్చేటోళ్లు నిలబడి చూస్తుండె. "టీచరమ్మ చెట్టు చూడుండ్రి, ఆకులు మెరుస్తున్నయి" అంటుండె. నేను లోపటికెళ్లి ఇనుకుంట రొట్టెలు చేస్తుంటి.

ఒకనాడు పొద్దుగాల లేసి చూస్తే రెండాకులు తెంపి ఉన్నయి. మేక తిన్నదో, మనిషే తెంపిండో. నా పానం ఉసూరుమన్నది. గానాటికెళ్లి అరుగు మీది బల్బు తెల్లారేదాక ఆర్పొద్దని ఇంట్ల హుకుం చేసిన. కావలి అన్నట్టు. మా ఇంటాయన ఒక్క మాట అన్నడు, "ఎందుకు?" అని. నేను వంద మాటలు చెప్పిన.

ఇగ మా పక్కింటి రాజన్న. కొయ్యబొమ్మలకు రంగులేస్తడు. మీ ఇండ్లల్ల ఉన్న కొయ్యపండ్లల్ల సగం గాయినవే అయి ఉంటయి. ఆ సీతాఫలం, ఆ మామిడిపండు చూస్తే కొరుకబుద్ధైతది. మంచి మనిషి. రోజంత కండ్లు పొడుసుకొని సన్న కుంచెతోని పనిచేసి, మాపటికి తన అరుగు మీద పండుతడు. చలి పెడ్తున్నా గొంగడి కప్పుకొని బయటనే. రంగుల వాసనకు లోపట తలనొప్పి లేస్తదట.

గాయన ఒకనాడు వచ్చి, "టీచరమ్మా, ఏమనుకోకు. గా బల్బు జర ఆర్పుతవా? మొఖం మీదనే పడ్తుంది. నాలుగు రోజులాయె, నిద్ర పడ్తలే" అన్నడు.

"కరెంటు మాది, అరుగు మాది. నువ్వు గటు దిక్కు తిరిగి పండు రాజన్నా" అన్న నేను.

"గటు దిక్కు గోడున్నది. గోడ మీద సుత నీ బల్బే కొడ్తుంది."

"అయితే కండ్లు మూసుకో."

తప్పా? ఇప్పుడు చెప్తుంటే తప్పే అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నా మాట నాకు మస్తు నచ్చింది. ఓర్వలేకనే వచ్చిండు అనుకున్న. వాళ్లింట్ల ఇంక కందీలు దీపమే గద.

డిసెంబరు వచ్చింది. నా చెట్టు పచ్చగున్నది. మొదటి వారం పాయె, పచ్చగనే ఉన్నది. ఆదివారం చర్చి కాడ మార్తమ్మ నా చెయ్యి పట్టుకొని, "సుగుణా, నాది ఎర్రగవుతుందే! నీది?" అని అడిగింది.

"అయితుంది" అన్న.

ఎందుకన్నవంటే ఏం చెప్పాలె? నోట్లకెళ్లి వచ్చేసింది. గక్కడ్నే అమ్మగారు సుత ఉన్నది. "అయితే బల్ల కాడ సుగుణది పెడ్దం, అది పెద్దగున్నది గద. మార్తమ్మా, నీది తలుపు కాడ పెట్టు" అన్నది. అట్ల ఇరుక్కున్న నేను!

అక్కడికెళ్లి సీదా మార్తమ్మ ఇంటికి పోయిన, చూద్దమని. కొట్టం ఎనుకకు తొంగి చూసిన. అబ్బ! బర్రె పక్కన, పేడకుప్ప పక్కన, అంట్ల నీళ్లు తాగి తాగి, గా పొట్టి చెట్టు నెత్తిమీద నిప్పు పెట్టుకున్నట్టు ఎర్రగుండె. బర్రె దాని దిక్కు చూసుకుంట నెమరేస్తుండె. గా బర్రె సుత నన్ను చూసి నవ్వినట్టే అనిపిచ్చింది నాకు.

ఇంటికొచ్చిన. నాకు వచ్చిన కోపం ఇంతంత గాదు. ఎవరి మీద తీయాలె? ముందుగాల అమ్మగారి మీద. బంగ్లాకు పోయి, "నాకు మగ పుల్ల ఇచ్చిండ్రా అమ్మగారు?" అని అడిగిన. గామె పడిపడి నవ్వింది. "ఒక్క చెట్టు పుల్లలే గద బిడ్డా, మగదేంది ఆడదేంది? నీది షురువైందన్నవ్ గద?" అన్నది. నేను ఊకెనే అడిగిన అని చెప్పి వాపస్ వచ్చిన.

రెండోది మా ఇంటాయన మీద. గా చెట్టు మీదికెళ్లి తీగ కట్టి తడి అంగీలు ఆరేస్తుండె గాయన. సబ్బునీళ్లు కారి చెట్టు పాడైందని ఎగిరిన. గాయన లేసి, తీగ ఇప్పి, దొడ్డి దిక్కు కట్టుకొని, వచ్చి కూసున్నడు. ఒక్క మాట అనలే. ఎదురు మాట్లాడనోనితోని లడాయి ఎట్ల చేస్తరు చెప్పుండ్రి? ఇంకింత మండింది.

తర్వాత చెట్టుకు వెలుగు సాలతలేదేమో అనుకున్న. ఇనుండ్రి, ఇది బాగ ఇనుండ్రి! ఉన్న బల్బు తీపిచ్చి దానికంటె రెండింతలు పెద్ద బల్బు పెట్టిపిచ్చిన. సూర్యుడే మా అరుగు మీద దిగినట్టైంది. గల్లిల కుక్కలు సుత మా ఇంటి ముందట పండుడు బంద్ చేసినయి.

క్రిస్మస్ ఇంక వారం ఉన్నదనంగ నా కన్ను గోడ మీద పడ్డది. రాజన్న కుంచెలు కడిగిన నీళ్లు మా నడిమి గోడ కాడ పోస్తడు. ఆ గోడ అడుగున పచ్చగ, నీలంగ, పసుపు పసుపుగ మరకలు ఉన్నయి. నా చెట్టు డబ్బా దానికి రెండు జానలంత దూరం. ఇగ నాకు అంత తెలిసిపోయింది అనుకున్న. బల్బు ఆర్పలేదని పగ పట్టిండు! రంగునీళ్లు పోసి నా చెట్టు పానం తీస్తుండు!

గల్లి నడుమ నిలబడ్డ. "రాజన్నా! బయటికి రా!" అన్న. నా గొంతు మీకెరుకే. మూడో తరగతి పిల్లలు డెబ్బై మంది సప్పుడు చేస్తుంటే ఒక్క కేకతోని ఊకుండపెడ్త నేను. గా కేక ఇడ్సిపెట్టిన. గల్లి మొత్తం బయటికొచ్చింది. రాజన్న చేతిల కుంచె, చెవి మీద ఇంకో కుంచె, మొఖమంత తికమక.

"నా చెట్టుకు రంగునీళ్లు పోస్తున్నవా లేదా?"

"నేనెందుకు పోస్త టీచరమ్మా?"

"మరి ఎందుకు ఎర్రగైతలేదు?"

గాయన చేతిల కుంచె కింద పెట్టిండు. తర్వాత మెల్లగ అన్నడు, "రంగునీళ్లు పోస్తే రంగు రావాలె గద తల్లీ. రాకపోవుడేంది?"

గల్లి గొల్లుమన్నది. పెద్దోళ్లు, పిల్లలు, నీళ్ల బిందె ఎత్తుకొని పోతున్న ఆడోళ్లు, అందరు! నేను ఊకుంటనా? "నీతోని మాటలు బంద్! ఇగ మా దిక్కు చూడకు!" అని తలుపు దబ్బున ఏసిన. రాజన్న మొఖం చిన్నగైంది. గది నేను చూసిన. చూసినా తలుపు తీయలే.

ఇగ క్రిస్మస్‌కు ముందటి నాడు. బల్ల కాడ నా చెట్టే అని ఊరంత తెలిసిపోయింది. చెట్టేమో పాలకూర లెక్కున్నది. ఏం చెయ్యాలె? పిల్లల నోటుబుక్కులు దిద్దే ఎర్ర సిర సీసా ఉండె. ఒక ఆకుకు పూసి చూసిన. ఆకుపచ్చ మీద ఎరుపు పడంగనే తుప్పు పట్టిన మొల రంగొచ్చింది. కడిగేసిన. అప్పుడు గుర్తుకొచ్చింది, బడిల తోరణాలు చేసినంక మిగిలిన ఎర్ర పతంగి కాగితం నా సందుక పెట్టెల ఉన్నది.

తలుపు పెట్టి గొళ్లెమేసిన. గోధుమపిండి ఉడికిచ్చి అంటు చేసిన. ఆకు మీద కాగితం పెట్టి, కత్తెరతోని ఆకు తీరుగ కోసి, అంటు పెట్టి అతికిచ్చిన. నెత్తిమీది ఆకులన్నిటికి, పైన కింద రెండు దిక్కుల! మా ఇంటాయన గిన్నె పట్టుకొని నిలబడ్డడు.

"సుగుణా, ఇది అబద్ధం గద" అన్నడు.

"అలంకారం. నువ్వు పిండి కలుపు."

కలిపిండు. మాపటికి చెట్టు తయారైంది. జర దూరంకెళ్లి చూస్తే ఏమున్నదనుకున్నరు! మార్తమ్మ చెట్టు దీని కాలిగోటికి సరిరాదు. దగ్గరికెళ్లి చూస్తే, అంటు బరువుకు ఆకులు కిందికి వాలుతున్నయి. దగ్గరికి ఎవరొస్తరు తియ్యి అనుకున్న.

పొద్దుగాల ఆరాధనకు అందరికన్న ముందుగాలనే పోయి బల్ల పక్కన స్టూలు మీద పెట్టిన. మీరంత వచ్చేటాళ్లకు నేను ఆడోళ్ల దిక్కు మొదటి వరుసల కూసున్న. నీలం చీర, నిలువు మెడ. మార్తమ్మ తలుపు కాడ తన పొట్టి చెట్టు పెట్టి లోపటికొచ్చి, బల్ల దిక్కు చూసి నోరు తెరిచింది. గా నోరు చూసి, అక్కా, నా పానం పాటలు పాడింది!

మీరు ఎనుక కూసున్నరు గాబట్టి ఇగ ముందట ఏమైందో మీకు తెల్వదు. అయ్యగారు తెల్లంగి ఏసుకొని బల్ల కాడ నిలబడ్డడు. "ప్రార్థన చేద్దాం" అన్నడు. అందరు కండ్లు మూసిండ్రు. నేను ఒక కన్ను సగం తెరిచిన, చెట్టు ఎట్లుందో చూద్దమని. అమ్మగారు సుత కండ్లు తెరిచే ఉన్నది. చెట్టును చూస్తుంది. మొఖంల జాలి. ఆకులు వాలినయి గద, పాపం నీళ్లు లేక వాడినయనుకున్నది. మెల్లగ లేసింది. మూలకున్న చెంబు తీసుకున్నది.

"అమ్మగారూ, వద్దు!" అన్న నేను. లోపటనే అన్న. ప్రార్థన నడుస్తుంటే ఎట్ల అరుస్తరు? నా జన్మల అరువనిది గదొక్కసారే. అరిచి ఉంటే బాగుండు!

గామె చెంబెడు నీళ్లు నిమ్మళంగ, ప్రేమతోని, చెట్టు నెత్తిమీదికెళ్లి పోసింది.

ఇగ పతంగి కాగితం నీళ్లకు ఆగుతదా? ఎరుపు అంత ఒక్కసారే దిగింది. ముందుగాల డబ్బా మీద, డబ్బా మీదికెళ్లి స్టూలు మీద, స్టూలు మీదికెళ్లి బల్ల మీది తెల్లబట్ట అంచుకు. ఆ బట్ట అమ్మగారు తన చేతులతోని అల్లిన లేసు బట్ట! అయ్యగారు ప్రార్థనల చెయ్యి చాపిండు. చాపిన చెయ్యి పోయి చెట్టుకు తాకింది. ఆకు కాగితం ఊడి గాయిన చేతికి అతుక్కున్నది. ఏందో తాకిందని గాయిన కండ్లు మూసుకొనే చెయ్యి అంగికి తుడుసుకున్నడు. తెల్లంగి మీద ఐదు వేళ్ల ముద్ర!

"ఆమేన్" అన్నడు. అందరు కండ్లు తెరిచిండ్రు.

తర్వాతది మీకెరుకే. నవ్వు ముందట షురువై ఎనుకదాక పోయింది, ఎనుకకెళ్లి మళ్ల ముందటికొచ్చింది. అయ్యగారు తన అంగీ చూసుకొని, చెట్టు చూసి, నన్ను చూసిండు. నేను నేల చూసిన. మా ఇంటాయన మగోళ్ల దిక్కుకెళ్లి లేసొచ్చి, చెట్టు ఎత్తుకొని బయటికి పోయిండు. గాయన అంగీ సుత ఎర్రగైంది. మార్తమ్మ తన గోళెం ఎత్తుకొచ్చి బల్ల పక్కన పెట్టింది. పెట్టి, నా పక్కన కూసున్నది. నవ్వలే గామె. గది ఇంకింత మండింది నాకు! నవ్వితే తిట్టుకుందును. నవ్వకపోతే ఏం చెయ్యాలె?

ఇంటికొచ్చి చెట్టును దొడ్ల మూలకు, స్నానం చేసే బండ ఎనుకకు నూకిన. "నీ మొఖం నాకు చూపియ్యకు" అన్న. మాట్లాడుతదనుకున్నట్టు! అరుగు మీది బల్బు సుత బంద్ చేసిన. కావలి కాయనీకి ఏమున్నది గక్కడ? గల్లోళ్లకు నా మొఖం ఆనపడకుంటే సాలు. నీళ్లు పొయ్యలే, ఎరువు ఎయ్యలే. పిల్లలకు స్నానం పోసినప్పుడు ఎగిరిన నీళ్లే దానికి. జనవరి పాయె, ఫిబ్రవరి పాయె. నేను దాన్ని మర్చిపోయిన. రాజన్నతోని మాటలు ఇంక బందే.

మొన్న శనివారం. గ్యాసునూనె డబ్బా వేరే పనికి కావలసొచ్చింది. చెట్టు పీకి పారేద్దమని బండ ఎనుకకు పోయిన.

ఎర్రగ ఉన్నది.

కాగితం గాదు, సిర గాదు. నెత్తిమీద కొత్తాకులన్ని ఎర్రగ, మార్తమ్మ చెట్టు కన్న ఎర్రగ! సంతోషపడాలె గద మనిషన్నంక? నాకు ముందుగాల వచ్చింది గుస్సనే. ఎందుకంటే నాకు అనిపిచ్చింది, ఇది రాజన్న పనే! గల్లిల తన పరువు తీసినందుకు, గోడ దునికొచ్చి, నన్ను తమాష చేద్దమని రంగేసిపోయిండు! కొయ్యను సీతాఫలం చేసేటోనికి ఆకును ఎరుపు చేసుడు ఒక లెక్కనా?

కొంగు తడిపి ఆకును రుద్దిన. రంగు పోలే. గోటితోని గీకిన. ఆకు చినిగి పాలొచ్చినయి. రంగు పోలే. "ఏం పక్కా రంగేసినవురా!" అనుకున్న. డబ్బా ఎత్తుకొని గల్లిలకొచ్చిన.

"రాజన్నా! బయటికి రా!"

మళ్ల గల్లి మొత్తం బయటికి. మళ్ల గాయన చేతిల కుంచె. "ఇగ నేనేం చేసిన తల్లీ?" అన్నడు, ఏడుపు గొంతుతోని.

"ఇదేంది? నా చెట్టుకు రంగెందుకేసినవ్?"

గాయన దగ్గరికొచ్చిండు. ఆకు పట్టుకొని ఎండకు పెట్టి చూసిండు. ఈనెలు చూసిండు. తిప్పి అడుగు చూసిండు. జర సేపు ఆకునే చూసుకుంట నిలబడ్డడు, నన్ను మర్చిపోయినట్టు. అప్పుడన్నడు, "ఇది నా రంగు గాదు టీచరమ్మా. గీ ఎరుపు కలపనీకి నాకొస్తే నేను రాజుల కొలువుల ఉందును, నీ బల్బు పక్కన కాదు."

గప్పుడే అటుకెళ్లి అమ్మగారు పోతుండె. మంది చూసి ఆగింది. చెట్టును చూసింది. "సుగుణా! ఎర్రగైందే! ఎక్కడ పెట్టినవ్ దీన్ని?"

"దొడ్ల, మూలకు."

"అంతకు ముందు?"

"అరుగు మీద. బల్బు కింద."

"రాత్రంత బల్బు ఉంటుండెనా?"

"తెల్లారేదాక."

అమ్మగారు నెత్తి కొట్టుకున్నది. "అయ్యో బిడ్డా! చలికాలం పొద్దుమీకినంక దీనికి దీపం తగలొద్దు. పొద్దు తగ్గి, చీకటి ఎక్కువైనప్పుడే దీనికి ఎరుపెక్కుతది. దొరసాని ఎప్పుడూ చెప్తుండె, నేనే మీకు చెప్పుడు మర్చిపోయిన. మా బంగ్లాల కరెంటే లేకుండె, ఎన్నడు గా సంగతి రాలే."

ఇన్నరా? నేను ఓపికతోని, కావలి కాసి, పెద్ద బల్బు పెట్టి మరీ, దాన్ని ఎర్రగ కానియ్యలే! మార్తమ్మకేమో కొట్టం ఎనుక చీకటి ఉన్నది. చదువు లేదు, బల్బు లేదు, ఎరువు లేదు, ఎరుపు ఉన్నది!

"పోనీ చర్చిల పెడ్దమా అమ్మగారూ?" అని అడిగిన, ఆశతోని.

"ఇప్పుడు ఈస్టరు ముందటి శ్రమల దినాలు గద బిడ్డా. అలంకారాలు పెట్టం" అన్నది గామె.

గల్లోళ్లు ఇండ్లల్లకు పోయిండ్రు. నేను ఇంట్లకొచ్చి కూసున్న. మా ఇంటాయన చాయ్ ఇచ్చిండు. రెండు గుటకలు తాగినంక రాజన్న గుర్తుకొచ్చిండు. నెలలపాటు నిద్ర చెడగొట్టిన. రెండుసార్లు గల్లిల నిలబెట్టిన. చెయ్యని తప్పుకు. ఎంత పంతమైనా నేను పిల్లలకు న్యాయం చెప్పేదాన్ని గద! "పోయి మాఫీ అడుగుత" అన్న. మా ఇంటాయన అంగీ ఏసుకొని నా ఎనుకనే వచ్చిండు. ఎందుకొచ్చిండో అప్పుడు సమజ్ గాలే.

రాజన్న అరుగు మీద కూసోని కొయ్యచిలుకకు ముక్కు దిద్దుతుండు. నన్ను చూసి చిలుకను ఒడిల దాసుకున్నడు. నేను శాంతంగ, మెల్లగ మొదలుపెట్టిన.

"రాజన్నా, తప్పు నాదే. నిన్ను అనరాని మాటలన్న. మనసుల పెట్టుకోకు."

"గంత మాటెందుకు టీచరమ్మా, అయిపోయింది గద" అన్నడు. మంచి మనిషన్న గద.

"నీకు నిద్ర లేకుండ చేసిన."

"ఇప్పుడు పడ్తుంది."

"బల్బు ఆర్పుమని నువ్వు చెప్పనే చెప్పినవ్, నేనే ఇనలే."

"పోనీ తియ్యి."

గంతదాక మంచిగనే ఉన్నది, అక్కా! గక్కడ ఆగితే ఏం పోయేది? కని నాకు ఒక అనుమానం వచ్చింది.

"చెప్పినవ్ గని, ఒక్కసారే ఎందుకు చెప్పినవ్? మళ్ల మళ్ల చెప్తే నీ సొమ్మేం పోయింది? రంగులతోని బతికేటోనివి, ఎరుపు ఎట్లొస్తదో జర ఆలోచన చెయ్యొద్దా? మొఖం మీద వెలుగు పడి నిద్ర వస్తలేదన్నోనివి, చెట్టుకు సుత నిద్ర ఉంటదని ఒక్క మాట అంటే అయిపోతుండె గద! నీ వల్ల నా క్రిస్మస్ అంత ఆగమైంది!"

గొంతు ఎప్పుడు లేసిందో నాకే తెల్వదు. గల్లిల తలుపులు ఒక్కొక్కటి తెర్సుకుంటున్నయి. రాజన్న చిలుకను పట్టుకొని గోడకు ఒరిగి, నా భుజం మీదికెళ్లి మా ఇంటాయన దిక్కు చూసిండు.

"అన్నా, టీచరమ్మ మాఫీ అడగనీకి వచ్చిందా, లడాయికి వచ్చిందా?"

మా ఇంటాయన, లగ్గమైనకాడికెళ్లి నలుగురి ముందట నా మీద ఒక్క మాట అననోడు, ఠక్కుమని అన్నడు:

"రెంటికి ఆమె గొంతు ఒక్కటే రాజన్నా. నువ్వు మాఫీ కింద రాసుకో."